తోలు పక్కన ఎర్ర ఇంటూ

పోయిన నెల మా అమ్మాయి తెలుగు యూనిట్ టెస్టు పేపరు దిద్ది ఇచ్చారు. ఎనిమిదో తరగతి. ‘కింది పదాలకు పర్యాయపదాలు రాయండి’ అన్నచోట ‘నడుపు’ అనే మాట ఉంది. దానికి మా పిల్ల ‘తోలు, నడిపించు’ అని రాసింది. ‘నడిపించు’కి రైటు పడింది. ‘తోలు’ పక్కన ఎర్ర సిరాతో ఇంటూ, దాని పక్కనే ‘చర్మం’ అని టీచరుగారి చేతిరాత. అర మార్కు పోయింది.

ఆ మాట దాని చెవిన వేసింది మా అమ్మ. సంక్రాంతి సెలవులకి కోనసీమలో మా ఊరు వెళ్ళినప్పుడు, ‘మీ ముత్తాత ఎడ్లబండి తోలుతుంటే చూసి తీరాలే’ అని ఆవిడ పాత సంగతులు చెబుతుంటే ఇది ఒళ్ళో తలపెట్టుకుని వింది. పరీక్షలో ఆ మాట దానంతటదే కలం కొసకి వచ్చేసింది. పాఠంలో లేని మాటను చెవితో పట్టుకుని, అర్థం తెలుసుకుని, సరైన చోట పెట్టిన పిల్లకి ‘నువ్వు రాసింది తప్పు’ అని చెప్పాం. అర మార్కు పోతే పోయింది. ఇకమీదట మామ్మ దగ్గర విన్న మాటని అది పరీక్షలో రాయదు. నా బాధంతా అదే.

టీచరుగారి మీద నాకు కోపం లేదు. ఆవిడ చేతికిచ్చిన జవాబుల కాగితంలో ఆ మాట ఉండి ఉండదు. నా పోట్లాట పర్యాయపదాలు నేర్పే పద్ధతితో. నాలుగు మాటలు తెచ్చి, అన్నింటినీ ఒకే గాటన కట్టేసి, ఏది రాసినా ఒకటేనని పిల్లలకి చెబుతున్నాం. దారి పట్టించడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో, అవి ఒకదాని చోట ఒకటి ఎంత తేలిగ్గా కూర్చోవో ఈ నెలంతా ఆలోచిస్తూనే ఉన్నాను. నడిపేవాడు ముందున్నాడా వెనకున్నాడా, నడిచేదానికి ప్రాణం ఉందా లేదా, అక్కడ ఎవరి ఇష్టం చెల్లుతోంది? ఇదంతా ఆ ఒక్క క్రియలోనే ఉంటుంది.

‘తోలు’లో మనిషి వెనక ఉంటాడు. పశువుల్ని మేతకి తోలుకెళ్తాం, చేలో పడ్డ గేదెను బయటికి తోలతాం. బేరాల్లేని కొట్టువాడు ఈగలు తోలుకుంటాడు. రోగాన్ని పారదోలతాం, గిట్టనివాణ్ణి వెళ్ళదోలతాం. ఇల్లు కట్టేవాడు ఇసుక తోలిస్తాడు, రైతు చేలోకి పెంట తోలతాడు. ఆ పని ఇప్పుడు ట్రాక్టరు చేస్తున్నా మాట మాత్రం మారలేదు. బండెడు సరుకు కదలాలంటే ముందు ఎడ్లు, వాటి వెనక ఒక మనిషి ఉండి తీరాల్సిన రోజులు ఆ మాటలో అలాగే ఉండిపోయాయి. మా వైపు గాలి వీస్తుంది, నెల్లూరు వైపు గాలి తోలుతుంది. ఎవరు తోలుతున్నారని ఎవరూ అడగరు గానీ, కనబడని చెయ్యి ఏదో వెనక నుంచి నెడుతున్నట్టే ఉంటుంది ఆ మాట వింటే.

మా తాత బండి తోలడం నేను చూశాను. బండి తొట్టిలో గడ్డి పరిచి నన్ను కూర్చోబెట్టి, తను ముందు నొగల మధ్య కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాడు. రెండు పగ్గాలూ ఎడం చేతిలో వదులుగా ఉండేవి. కుడిచేతిలో ములుగర్ర. దాన్ని ఎద్దుకి గుచ్చగా నేనెప్పుడూ చూడలేదు. కుడివైపు సందులోకి తిరగాలంటే కుడి పగ్గం ఒక్క బెత్తెడు లాగేవాడు. అదే క్షణంలో ఎడమ కాలి బొటనవేలితో దాపటెద్దు తొడ మీద తాకేవాడు. లోపలి ఎద్దు నెమ్మదించాలి, బయటి ఎద్దు అడుగు సాచాలి. అప్పుడే బండి ఒరగకుండా తిరుగుతుంది. నాలుకతో టక్కున ఒక చప్పుడు చేస్తే రెండూ కదిలేవి. ఈ పని మొత్తానికి మా ఊళ్ళో ఉన్న మాట ఒక్కటే: తోలడం. ఆ మాటకి ‘చర్మం’ అని అర్థం చెప్పి వదిలేస్తే ఆ బొటనవేలు ఎక్కడికి పోవాలి?

అంగడి నుంచి రాత్రిపూట వస్తుంటే తాత నిద్రపోయేవాడు. నాకు భయమేసేది. పగ్గాలు ఒళ్ళో పడి ఉండేవి. ఎడ్లు కాలవగట్టు వెంబడి వాటి నడకన అవి నడిచి, రావిచెట్టు దగ్గర తిరిగి, మా వాకిట్లోకి వచ్చి ఆగేవి. ఆగిన కుదుపుకి ఆయన లేచేవాడు. అంటే ఆ గంటసేపు బండి తోలింది ఎవరు? చిన్నప్పుడు అడిగితే, ‘ఇన్నేళ్ళు తోలింది ఇందుకేరా’ అన్నాడు.

‘నడుపు’ దీనికి పక్కింటి మాటే గానీ ఇల్లు వేరు. నిలుచు నుంచి నిలుపు పుట్టినట్టు, నడుచు నుంచి నడుపు పుట్టింది. మనిషి ప్రవర్తనకి మనం పెట్టుకున్న నడత, నడవడి అనే మాటలు కూడా ఆ నడకలోంచి వచ్చినవే. (తెలంగాణలో మధ్య కొడుకుని నడిపోడు అంటారు, అది నడుమ నుంచి వచ్చింది, దీనికి చుట్టం కాదు.) మనం ఏవేం నడుపుతామో చూడండి. బస్సు, బడి, హోటలు, పత్రిక, చీటీలు, సంసారం. ప్రాణం లేనివాటిని, మనుషులు కలిసి పెట్టుకున్న ఏర్పాట్లని నడుపుతాం. ‘పాపను నడుపుతున్నాను’ అని ఏ తల్లీ అనదు, ‘నడిపిస్తున్నాను’ అంటుంది. నడక పాపది. తల్లి చేసేదల్లా రెండు వేళ్ళు అందించి, పడకుండా పక్కన వంగి ఉండడం. అందుకే నన్నడిగితే, మా అమ్మాయి రాసిన రెండు మాటల్లో ‘నడుపు’కి దగ్గరగా ఉన్నది ఇంటూ పడిన మాటే. బండి నడుపు అన్నా బండి తోలు అన్నా పని ఒక్కటే. నడిపించడం మాత్రం ఇంకో పని. రైటు పడాల్సిన చోట ఇంటూ పడింది.

ఇంతవరకూ వచ్చాక, తోలడంలో బలవంతం ఉంది, నడిపించడంలో ప్రేమ ఉంది అని చెప్పి ముగించేద్దామనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్ళది సిద్దిపేట వైపు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళింట్లో మా అత్తగారు, ‘అల్లుడు వచ్చి పిల్లను తోల్కపోతడు’ అంటే నాకు మనసు చివుక్కుమంది. మా వైపు తోలుకుపోయేది గొడ్లనే. తర్వాత తెలిసింది, అక్కడ మనిషిని జాగ్రత్తగా వెంటబెట్టుకుని పోవడానికి ఆ మాటే వాడతారని. బడి నుంచి పిల్లల్ని తోల్కొస్తారు, జ్వరమొస్తే ముసలాయన్ని దవాఖానకు తోల్కపోతారు. బిడ్డను అత్తగారింటికి తోలుతారు, అప్పుడు ఇల్లంతా కళ్ళు తుడుచుకుంటుంది. ‘మీ మాటే మొరటుగా ఉంటది’ అంది మా ఆవిడ. ‘పిల్లను తీసుకురా అంటరు. సంచి తీసుకురా, పిల్లను తీసుకురా, రెండిటికీ ఒకటే మాటనా?’

నేను జవాబు చెప్పలేకపోయాను. నిజమే కదా. కోస్తాలో మనిషినీ సంచినీ ఒకే క్రియతో తెస్తాం. రాయలసీమవాళ్ళు ‘పిల్చుకొని రా’ అంటారు, అందులో పిలుపు ఉంది. పిలిస్తే ఆ మనిషి తన కాళ్ళతో తనే వస్తాడు. తెలంగాణవాళ్ళు తోల్కరమ్మంటారు, అందులో వెనక కాపలా ఉంది. పిల్ల ముందు నడుస్తుంది, పెద్దవాళ్ళు వెనక చూసుకుంటూ వస్తారు. ఒకే పనికి మూడు సీమల్లో మూడు మాటలు. ఏ పర్యాయపదాల పట్టికలోనూ ఈ మూడూ పక్కపక్కన నాకు కనబడలేదు. ఉండి ఉంటే ఆ రోజు అత్తగారి మాటకి నేను నొచ్చుకునేవాణ్ణే కాదు.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లో ‘నీ’ అనే ధాతువుది పెద్ద కుటుంబం. దాని అర్థం తీసుకెళ్ళడం. నాయకుడు, నేత, సేనాని దాని నుంచి వచ్చినవే అని చూడగానే తెలుస్తుంది. ఉపనయనం అంటే గురువు దగ్గరకి తీసుకెళ్ళడం. పరిణయం అంటే అగ్ని చుట్టూ తీసుకెళ్ళడం. అభినయం అంటే భావాన్ని చూసేవాళ్ళ దాకా తీసుకెళ్ళడం. నీతి కూడా ఇందులోదే, కన్ను అని అర్థమున్న నయనం కూడా ఇందులోదే. మనల్ని రోజంతా తీసుకెళ్ళేది కన్నే కదా.

వీటన్నింటిలో నన్ను ఎక్కువ ఆపేసింది ‘నియంత’. పేపర్లో ఆ మాట కనబడితే మనకి హిట్లర్ గుర్తొస్తాడు. అమరకోశం తీస్తే రథం తోలేవాడికి చెప్పిన పేర్లలో మొట్టమొదటిది నియంత. ఆ తర్వాత వచ్చే పేర్లలో యంత, సూతుడు, క్షత్త, సారథి ఉన్నాయి. యంత, నియంత, యంత్రం, నియంత్రణ, సంయమనం అన్నీ ‘యమ్’ అనే ధాతువు నుంచి వచ్చాయి, అదుపులో పెట్టడం అని అర్థం. గుర్రాల పగ్గాలు పట్టినవాడే నియంత. మనం పగ్గం అంటున్నది కూడా సంస్కృతంలోని ప్రగ్రహమే, అరిగి అరిగి నునుపెక్కింది. ఒకే పట్టికలో ఉన్న రెండు మాటల్లో నియంత తెలుగులో అందరూ భయపడే మాట అయింది, సారథి క్రికెట్ జట్టు కెప్టెన్‌కి పేపర్లు ఇచ్చే బిరుదు అయింది. పర్యాయపదాలు ఎప్పటికీ పర్యాయపదాలుగా ఉండిపోవని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? కఠోపనిషత్తులో శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. అక్కడ రథంలో కూర్చున్న యజమాని వేరే ఉన్నాడు, ఆత్మ. నియంతకీ సారథికీ మన వాడుకలో తేడా అక్కడే వచ్చిందని నాకనిపిస్తుంది. బండిలో కూర్చున్నవాడిదే ప్రయాణం అని సారథికి గుర్తుంటుంది.

గుర్తున్నా చెడగొట్టొచ్చు. దానికి తెలుగులో శల్యసారథ్యం అనే మాట ఉంది. కర్ణుణ్ణి పెంచిన అధిరథుడు సూతుడు. సూతపుత్రుడని కర్ణుడు జీవితమంతా మాటలు పడ్డాడు. యుద్ధంలో పదిహేడో రోజు అతనికి సారథి కావలసి వచ్చింది. దుర్యోధనుడు మద్రరాజు శల్యుణ్ణి బతిమాలాడు. ఒక సూతపుత్రుడికి నేను రథం తోలడమా అని శల్యుడు మండిపడ్డాడు. చివరికి, నోటికొచ్చింది మాట్లాడతాను, అడ్డు చెప్పకూడదు అనే షరతు మీద ఒప్పుకున్నాడు. కర్ణుడి ఉత్సాహం చల్లారుస్తానని ధర్మరాజుకి అంతకుముందే మాటిచ్చి ఉన్నాడు కూడా. రథమెక్కిన దగ్గర్నుంచి అర్జునుణ్ణి పొగడడం, కర్ణుణ్ణి ఎంగిలి తిని బలిసి హంసతో పోటీపడిన కాకితో పోల్చడం. గమనించాల్సింది ఒకటుంది. శల్యుడు రథాన్ని తప్పుగా తోలలేదు. గుర్రాల విషయంలో అతను గొప్ప నేర్పరి. నాగాస్త్రం సంధించినప్పుడు ‘గురి సరిగ్గా లేదు, మళ్ళీ చూసుకో’ అని చెప్పింది కూడా శల్యుడే. అప్పటికి అతని మాట మీద కర్ణుడికి నమ్మకం ఎక్కడుంది? రెండోసారి గురి చూడనన్నాడు. అవతల కృష్ణుడు రథాన్ని భూమిలోకి కుంగేలా నొక్కాడు, అస్త్రం అర్జునుడి కిరీటాన్ని కొట్టి పోయింది. ఆ రోజు ఇద్దరు సారథులూ చేతిపని తెలిసినవాళ్ళే.

విరాటపర్వంలో దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. తిక్కన తెలుగులో ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు కొత్తగానే ఉంటుంది. సారథి ఉంటే కౌరవుల్ని ఓడించేస్తానన్న ఉత్తరుడు, సైన్యాన్ని చూడగానే రథం దిగి పరుగెత్తాడు. పగ్గాలు పట్టిన బృహన్నల వెంటబడి పట్టుకొచ్చింది. తిట్టి రథమెక్కించి యుద్ధం చేయమని నెట్టలేదు. ‘నువ్వు పగ్గాలు పట్టు, యుద్ధం నేను చేస్తాను’ అంది. పారిపోయిన పిల్లాడు ఆ రోజు అర్జునుడికి సారథి అయ్యాడు. భయపడినవాడికి చేయగలిగిన పని చూపించి, వాడితో ఆ పని చేయించడం. దీన్ని తోలడం అనాలా, నడిపించడం అనాలా? నాకు మాట దొరకలేదు.

పడవ దగ్గర ఇంకో రకం మాట ఉంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు మీద గోదావరి చాలాసార్లు దాటాను గానీ, నాకు కళ్ళకు కట్టినట్టుండేది చిన్నప్పుడెక్కిన నాటు పడవ. చుక్కాని పట్టేవాడు అందరికంటే వెనక నిలబడేవాడు. చుక్కాని పిడి చంకలో ఇరికించుకుని, మా వీపులు చూస్తూ. అవతలి రేవుకి సూటిగా పోకుండా ఎగువన ఉన్న తాడిచెట్టుకి గురిపెట్టేవాడు. ఏరు కిందికి తోసేసరికి పడవ సరిగ్గా రేవు దగ్గర ఆనుకునేది. పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకి తిరగడం నాకు పెద్ద వింత. ఇంకో సంగతి ఆయనే చెప్పాడు: పడవ కదలకపోతే చుక్కాని ఎంత తిప్పినా ఉపయోగం లేదు. నీళ్ళు దాని పక్కనుంచి జారుతూ ఉండాలి, అప్పుడే అది పనిచేస్తుంది. ముందు తెడ్డు పడాలి, తర్వాతే చుక్కాని.

చుక్కను చూసి నడిపేది కాబట్టి చుక్కాని అయిందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అది మన మాటే కాదట. అరబ్బీలో చుక్కానిని సుక్కాన్ అంటారు. ఓడలతో పాటు తీరం వెంబడి వచ్చి తమిళంలో సుక్కాన్, మలయాళంలో చుక్కాన్, కన్నడంలో చుక్కాణి అయింది. సంస్కృతంలో కర్ణం అంటే చెవి మాత్రమే కాదు, చుక్కాని కూడా. అది పట్టేవాడు కర్ణధారుడు. గ్రీకులో ఆ పని చేసేవాణ్ణి కుబెర్నేతేస్ అనేవారు. లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి అది గవర్నర్ అయింది. అమెరికా గణితవేత్త నార్బర్ట్ వీనర్ 1948 నాటి తన పుస్తకంలో, ప్రాణుల్లోనూ యంత్రాల్లోనూ అదుపు ఎలా నడుస్తుందో చెప్పే కొత్త శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టింది కూడా ఆ మాట నుంచే. మనం రోజూ భయపడే సైబర్ నేరాల్లోని ‘సైబర్’ ఆ పడవవాడి పేరులోని ముక్క.

ఇక మన కాలపు మాట, గైడ్. ఇంగ్లీషు మాటలంటే నాకు పట్టింపు లేదు. నేనూ డ్రైవింగ్ అనే అంటాను, స్టీరింగ్ అనే అంటాను. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైన బాలా హిసార్ దాకా వినబడుతుందని చూపించేవాణ్ణి గైడ్ అంటే బాగానే ఉంది. ముందు నడుస్తాడు, చూపిస్తాడు, వెళ్ళిపోతాడు. బడిపిల్లలకి గైడు అంటే జవాబులన్నీ ముందే రాసి ఉన్న పుస్తకం. పెద్దయ్యాక పిల్లలకి మనం చేస్తామంటున్న గైడెన్స్ ఈ రెండో గైడే అవుతోందని నా భయం. మా దగ్గరి బంధువుల అబ్బాయికి చెట్లంటే ప్రాణం. మొక్క ఆకు చూసి పేరు చెప్పేవాడు. పదో తరగతి అవగానే ఎంపీసీలో చేర్పించి, హాస్టల్లో పెట్టారు. వాడు రెండు నెలలు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఇదేంటన్నా అని వాళ్ళ నాన్నని అడిగితే, ‘మేం జస్ట్ గైడ్ చేశాంరా, నిర్ణయం వాడిదే’ అన్నాడు. ఆయన అబద్ధం చెప్పాడని నేననుకోను. గైడ్ అనే మాట ఆయన్ని కూడా మభ్యపెట్టింది. ‘తోలేశాం’ అని తెలుగులో అనాల్సి వచ్చి ఉంటే ఆయన నోరు ఒక్క క్షణం ఆగేది. ఆ ఒక్క క్షణం చాలు, వెనక్కి తిరిగి చూసుకోవడానికి.

ఆఫీసు తెలుగులోని మార్గనిర్దేశం, దిశానిర్దేశం కూడా అంతే, ఎవరు ఎవరిని ఎలా కదిలించారో వాటిలో కనబడదు. ‘ఆధ్వర్యంలో’ అని రోజూ పేపర్లో చదువుతాం. యజ్ఞంలో నేల కొలిచి, వేదిక కట్టి, నీళ్ళు తెచ్చి, నిప్పు రాజేసి, ఒళ్ళు వంచి పనంతా చేసేవాడు అధ్వర్యుడు. ఆ మాట ఇప్పుడు బ్యానరు మీద పేరున్నవాళ్ళకి చేరింది.

కాబట్టి తెలుగు పాఠాలు రాసేవాళ్ళని నేను అడిగేది ఇది. పర్యాయపదాలు రాయమని ఖాళీ గీతలు ఇవ్వకండి. ‘ఎడ్లను, బస్సును, సంసారాన్ని, తప్పటడుగుల పాపను, తెరచాప పడవను – ఏం చేస్తారు?’ అని అడగండి. ఒక్కో దానికి ఒక్కో క్రియ రాయమనండి. ఇంట్లో ఏమంటారో అడిగి రాయమనండి. ఒకే తరగతిలో కోనసీమ పిల్ల, సిద్దిపేట పిల్లాడు, కడప పిల్ల మూడు జవాబులు రాస్తే మూడింటికీ రైటు పెట్టండి, పెట్టి ఆ మూడింటి మధ్య తేడా ఏంటో పావుగంట మాట్లాడించండి. హైదరాబాదులో ఏ బడిలో చూసినా ఈ ముగ్గురూ పక్కపక్కనే కూర్చుంటున్నారు.

మా అమ్మాయి పేపరు నా బల్ల మీదే ఉంది. టీచరుగారికి ఒక ఉత్తరం రాసి దానికి పిన్ను పెట్టాను. అర మార్కు అడగలేదు. మా తాత బండి గురించి రాశాను, కాలి బొటనవేలి సంగతి కూడా. రేపు మా అమ్మాయి చేతికే ఇచ్చి పంపిస్తాను. తీసుకెళ్ళనంటే బలవంతపెట్టను, నేనే వెళ్తాను.

ఎనిమిదవుతోంది. ట్యూషన్ వదిలే టైమ్. ‘రాసింది చాలు, పొయ్యి పిల్లను తోల్కరాపో’ అని వంటింట్లోంచి కేక వినబడింది. వీధి దీపాలు లేవు ఆ సందులో. పిల్ల ముందు నడుస్తుంది, నేను వెనక టార్చి వేస్తూ వస్తాను.